గాజుపెట్టెలో ఎండా నీడా

బల్లితో మనకున్న సంబంధం విచిత్రమైనది. మాట మధ్యలో అది పలికితే ఆ మాట నిజమవుతుందని సంతోషించేవారున్నారు. మీద పడితే పంచాంగంలో ఫలితం వెదికేవారున్నారు. కనిపించగానే చీపురు అందుకొనేవారున్నారు. కాని ఆ ప్రాణికి ఏమి కావాలో ఆలోచించినవారు అరుదు. ఆ అవసరమూ మనకు కలగలేదు. గోడలోని వెచ్చదనాన్ని, పటం వెనుకనున్న చీకటిని, దీపం చుట్టూ మూగే పురుగులను అది తానే వెదుక్కొంటుంది.

అటువంటి జీవిని నాలుగు గాజుపలకల మధ్య ఉంచదలచినప్పుడు ఆ వెదుకులాట అంతా మన బాధ్యత అవుతుంది. 2023 వేసవి సెలవుల్లో అమెరికాలోని డాలస్ నగరంలో మా ఆపా ఇంట గడిపిన రోజుల్లో ఈ సంగతి నాకు బోధపడింది. పన్నెండేళ్ళ ఆమె కుమారుడు ఒక బల్లిని పెంచుకొనడానికి తండ్రి అనుమతి సంపాదించాడు. బల్లి పేరెత్తితేనే ఆపాకు ఒళ్ళు జలదరిస్తుంది. అందుచేత పెట్టె అమర్చే పనిలో నేను వానికి తోడయ్యాను.

అక్కడివారు లెపర్డ్ గెక్కో అని పిలిచే ఈ బల్లి స్వస్థలం అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాలలోని రాతినేలలు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యురేటరుగా పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1854లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మన ఇంటి బల్లికి కనురెప్పలు లేవు, దీనికి ఉన్నాయి. మన బల్లి గోడలెక్కుతుంది. ఇది నేలమీదనే నడుస్తుంది. కరవు రోజులకై కొవ్వును తోకలో దాచుకొంటుంది. పూర్వీకులది మన ఉపఖండమే అయినా, మేము తెచ్చిన బల్లి అమెరికాలోనే పుట్టింది. ఆపా కొడుకూ అంతే.

పిల్లవాడు మొదట ఎర్రని ఇసుక, ప్లాస్టిక్ పుర్రె, రంగుదీపాలు కొనాలన్నాడు. అవన్నీ చూసేవాని కన్నులకు గాని, ఉండేదాని సుఖానికి కావు. ఇసుక మేతతోబాటు కడుపులోకి పోతే పేగులు మూసుకొనిపోవచ్చు. చివరకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు గల పెట్టె తీసుకొని, అడుగున కాగితపు తువ్వాళ్ళు పరచాము. ఒక కొసన దీపం వ్రేలాడదీసి, దాని క్రింద పలకరాయి ఉంచాము. ఆ రాయి వేడిమి 32 డిగ్రీల సెల్సియస్ దాటకుండా థర్మోస్టాట్ అమర్చాము. రెండవ కొస 25 డిగ్రీల వద్ద చల్లగా ఉండాలి. వెచ్చని చోట ఒక గుహ, చల్లని చోట ఒక గుహ, కుబుసం విడిచే వేళకు తడినాచు పరచిన మరొక గుహ ఏర్పరచాము. రెండు రోజులు ఖాళీ పెట్టెలో దీపం వెలిగించి, వేడిమి కొలిచిన పిమ్మటనే బల్లిని తెచ్చాము.

ఒకే వేడిమి చాలదా అని పిల్లవాడు అడిగాడు. చాలదు. సరీసృపాలు తమ దేహాన్ని తామే వేడిచేసుకొనలేవు. మేత జీర్ణం కావడానికి వెచ్చని రాయిని, వేడి ఎక్కువైనప్పుడు నీడను వెదుక్కొంటాయి. ఎప్పుడు ఏది కావాలో మనకు తెలియదు; దానికే తెలుసు. కనుక మనం ఇవ్వవలసినది ఎండ కాదు, నీడ కాదు. రెండింటి నడుమ ఎంచుకొనే వీలు.

వచ్చిన బల్లి గుహలో దూరి అయిదు రోజులు ముఖం చూపలేదు. బయటికి తీద్దామని పిల్లవాడు ఆరాటపడ్డాడు. “లాగితే భయపడుతుంది, తనంతట రానీ” అన్నాను. ఆపా వింటూ ఉంది. ఆ ఇంట ప్రతి భోజనం వద్దా “తెలుగులో చెప్పు” అని ఆమె గద్దించడం, వాడు ఇంగ్లీషులో ఒక్కమాట గొణిగి తన గదిలోకి పోవడం పరిపాటి. ఆ రాత్రి నుంచి ఆమె గద్దించడం మానుకొంది. తానుమాత్రం తెలుగులోనే మాట్లాడుతూ, వాడు ఏ భాషలో బదులిచ్చినా వినసాగింది.

ఆరవనాటి రాత్రి దీపాలార్పి కూర్చున్నాము. మచ్చల తల ఒకటి గుహ ద్వారాన కనిపించింది. కాల్షియం పొడి అద్దిన కీచురాయి వైపు బల్లి మెల్లగా నడిచింది. “మామూ, వచ్చింది!” అని పిల్లవాడు గుసగుసలాడాడు. ఆ రెండు మాటలు తెలుగులో అన్నానని వానికి తోచినట్లు లేదు. ఆపా నా వైపు చూసింది, ఏమీ అనలేదు.

మంచి పెంపకంలో ఈ బల్లులు పదిహేను, ఇరవై ఏండ్లు జీవిస్తాయి. తిరుగు ప్రయాణానికి ముందు ఆ లెక్క చెప్పి, వీడు చదువులకు దూరం పోతే దీనికి మేత ఎవరు వేస్తారని అడిగాను. పిల్లవాడు ఆలోచనలో పడ్డాడు. బల్లిని ఇంకా వ్రేలితోనైనా తాకని ఆపా, వంటింటి గుమ్మంలో నిలుచుండి, “నేను లేనా?” అంది.