మట్టి దాకలో యువేత్సి

వంటలను గురించి వ్రాయడానికి నాకు బొత్తిగా అధికారం లేదు. ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాడిని. ‘నలపాకము’ అన్న సమాసానికి విగ్రహవాక్యం చెప్పగలనే గాని, పొయ్యి ముందు నిలబడి ఎరుగను. ఇల్లాలు పోయిన తరువాత అన్నం, పప్పుచారు, కోడిగుడ్డు పొరటు, ఇంతవరకు ఎలాగో నేర్చాను. అటువంటివాడు ఒక గ్రీకు వంటకాన్ని గురించి టపా వ్రాయడానికి పూనుకున్నాడంటే మిత్రులు నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి, కాని చివరిదాకా చదవండి.

2023 శరదృతువులో సుమారు మూడు నెలలు గ్రీసులోని థెస్సలొనీకి నగరంలో ఉన్నాను. మా అబ్బాయి జర్మనీలో చదువుకునే రోజుల్లో పరిచయమైన గ్రీకు అమ్మాయిని పెళ్లాడి, ఆ ఊళ్లోనే స్థిరపడ్డాడు. మా వియ్యపురాలు నాలుగు వీధుల అవతల ఉంటుంది. ఆవిడకు తెలుగు రాదు, నాకు గ్రీకు రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా మొదటి రోజునే నన్ను ‘సింబెథెరె’ అని పిలిచింది. అదేమిటమ్మా అని కోడలిని అడిగితే, అల్లుడి తండ్రిని అలా పిలుస్తారని చెప్పింది. అంటే మన వియ్యంకుడే! ఇంగ్లీషులో దొరకని ఈ మాట గ్రీకులో ఉన్నదని తెలిసి ఆ పూటంతా ఏదో నిధి దొరికినట్టు తిరిగాను.

ఆ ఆదివారం ఆవిడ ఇంట భోజనం. పెద్ద మట్టిపాత్ర ఒకటి ఓవెన్‌లోంచి తీసి తెచ్చి బల్లమీద పెట్టింది. అంచుల వెంట ఎర్రని పులుసు ఇంకా కుతకుతమంటున్నది. దాల్చినచెక్క వాసన, దాని వెనుక మరొక వాసన. ఆ రెండవదాన్ని నేను నలభై అడుగుల దూరంలోనైనా గుర్తుపడతాను. గరిటె నా కంచం వైపు రాబోతుండగా మా అబ్బాయి అడ్డుపడి, “నాన్న తినరు, సంస్కృతం చదువుకున్న పండితులు” అన్నాడు. ఆవిడకు ముందే చెప్పి ఉంచాడు కాబోలు, నా కోసం పెద్ద చిక్కుడుగింజలను టమాటాలో వేసి విడిగా కాల్చి ఉంచింది. వాటిని ‘గిగాంతెస్’ అంటారు. బాగున్నాయి. మారు మాటాడక తిని లేచాను.

ఎందుకు మాటాడలేదో చెప్పకుండా ఈ టపా ముందుకు సాగదు.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె, ఊరికి ఆనుకుని ఉండే మా వాడ. మా అమ్మ ఆదివారం నాడు కట్టెల పొయ్యి మీద మట్టి దాకలో పెద్దకూర వండేది. చాలావరకు దున్నపోతు మాంసమే. మిగిలింది ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండవేసి తునకలు చేసేది. ఆ దాక అడుగున అంటిన మసాలా కోసం మేము నలుగురు పిల్లలం కొట్టుకునేవాళ్లం. ఆ ఇంటి నుండి నేను ప్రాచ్య కళాశాలకు పోయి భాషాప్రవీణ చదివాను. వ్యాకరణ పాఠంలో ఒక నాడు పాణిని సూత్రమొకటి వచ్చింది. ‘గోఘ్న’ శబ్దానికి అతిథి అని అర్థం. ఎవరి కోసం గోవును వధిస్తారో అతడు. గురువుగారు ఆ సూత్రాన్ని వడివడిగా దాటించారు. వెనుక వరుసలో నేను తల వంచుకుని రూపసాధన వ్రాసుకున్నాను.

ఉద్యోగం వచ్చిన పట్టణంలో ఇల్లు అద్దెకు అడిగితే, ఇంటాయన కులం అడగలేదు. “మీరు అదీ ఇదీ తింటారా పంతులు గారూ?” అన్నాడు. తినమన్నాను. ఆ అబద్ధం పదకొండేళ్లు ఆ వాటాలో అద్దె లేకుండా మాతో కాపురమున్నది. తినవలెననిపిస్తే భార్యాభర్తలం పల్లెకు పోయి, తిని, నిమ్మాకుతో చేతులు రుద్దుకుని వచ్చేవాళ్లం. అబ్బాయికి ఊహ తెలిసిన తరువాత వాడికి పెట్టడం మానేశాము. మనవాళ్లు తింటారని వాడికి తెలుసు. నాన్న మాత్రం చదువుతో పాటు అదీ వదిలేశాడనుకున్నాడు.

దీనికంటె సిగ్గుపడవలసినది మరొకటి ఉన్నది. ఎనిమిదవ తరగతిలో ‘పండుగ నాడు మా ఇల్లు’ అని వ్యాసం వ్రాయమన్నాను. ఒక పిల్లవాడు, మా వాడలాంటి వాడ నుండి వచ్చేవాడు, వాళ్లమ్మ వండిన పెద్దకూరను గురించి వ్రాశాడు. అక్షరదోషం ఒక్కటి లేదు. నేను ఎర్రసిరాతో ఆ మాట కొట్టివేసి పైన ‘పిండివంటలు’ అని వ్రాశాను. దిద్దిన మాటను మూడుసార్లు వ్రాసుకు రమ్మన్నాను. మరునాడు గుండ్రని అక్షరాలతో మూడుసార్లు వ్రాసుకు వచ్చి చూపాడు. సంతకం పెట్టాను.

చిక్కుడుగింజల ఆదివారం తరువాత మంగళవారమో బుధవారమో, అబ్బాయి ఇంట్లో లేని వేళ చూసి, కోడలితో చెప్పాను: “నేను తింటానని మీ అమ్మగారితో చెప్పమ్మా. వండటం కూడా నేర్పమను.” కోడలు ఫోనులో చెప్పింది. అవతల నుండి పెద్ద నవ్వు. “మామయ్యా, మరి ఆ రోజు చిక్కుడుగింజలు ఎందుకు తిన్నారని అడుగుతోంది” అన్నది. నాకు తెలిసిన ఏ భాషలోనూ జవాబు దొరకలేదు.

శనివారం వియ్యపురాలు నన్ను కపాని అనే పాత అంగడికి తీసుకుపోయింది. మాంసం కొట్లు వరుసగా, నడిబజారులో, దీపాల వెలుగులో ఉన్నాయి. తెరలు లేవు. వాళ్లు లేతపశువు మాంసాన్ని ‘మొస్కారి’ అంటారు. పూర్వగ్రీకులో ఎద్దుకు, ఆవుకు ‘బౌస్’ అని పేరు. మన ‘గౌః’ శబ్దానికి అది దాయాది అని భాషాశాస్త్రం చెబుతుంది. ఈ సంగతి ఆవిడకు చెప్పాలనుకున్నాను గాని, ఆవిడ అప్పటికే కొట్టువాడితో బేరంలో ఉన్నది. భుజం వైపు మాంసం కిలో కొన్నాము. కొవ్వు, నరం కాస్త ఉండాలట. ఉత్త కండ అయితే ఉడికిన కొద్దీ పీచుగా మారుతుందట. మా అమ్మ కూడా అదే మాట అనేది.

ఇక వంట. ముక్కలు నాలుగు వేళ్ల వెడల్పున పెద్దవిగా ఉండాలి. గుడ్డతో తడి అద్ది, ఆలివు నూనె బాగా కాగిన తరువాత కొద్దికొద్దిగా వేసి అన్ని వైపులా ఎర్రగా వేయించాలి. నేను తొందరపడి అన్నీ ఒక్కసారి వేస్తే నీరు ఊరి ఉడకడం మొదలుపెట్టాయి. ఆవిడ నాలుక చప్పరించి సగం తీసివేసింది. ముక్కలు తీసి, అదే నూనెలో ఉల్లిపాయ, వెల్లుల్లి మగ్గించి, టమాటా ముద్ద రెండు చెంచాలు వేసి రంగు ముదిరేదాకా వేపాలి. ఒక కప్పు ఎర్రని ద్రాక్షసారా పోసి దాని ఘాటు ఎగిరిపోనివ్వాలి. అటుపైన తురిమిన టమాటాలు, దాల్చినచెక్క, రెండు లవంగాలు, ‘బహారి’ గింజలు నాలుగైదు. ఈ బహారి మిరియం కంటె కాస్త పెద్దది. లవంగమూ, చెక్కా, జాజికాయా కలిసిన వాసన వేస్తుంది. వాళ్లు వేసే ఆకు మన బిరియానీ ఆకు కాదు, వేరే చెట్టుది. మాంసం తిరిగి వేసి, మునిగేటట్టు నీరు పోసి, సన్నని సెగన గంటన్నర నుండి రెండు గంటలు. ఇక్కడ తొందర పనికిరాదు.

ఇందులో వేసేది ‘క్రిథరాకి’ అనే పాస్తా. చూపులకు బియ్యపు గింజ. పేరుకు యవలు, ‘చిన్న యవ’ అని అర్థం. నిజానికి గోధుమ. మూడు ధాన్యాల పేరు చెప్పి మోసం చేసే ఈ పదార్థం నాకు చాలా నచ్చింది. అరకిలోకు కాస్త తక్కువగా తీసుకుని, నూనెలో దోరగా వేపి, మట్టిపాత్రలో మాంసంతో కలిపి, మరిగే పులుసు దానికి మూడింతలు పోసి, 180 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఉంచాలి. నడుమ ఒక్కసారి కలపాలి. కాస్త పులుసు మిగిలి ఉండగానే తీయాలి. గింజ ఆ తరువాత కూడా తాగుతూనే ఉంటుంది. ఆలస్యమైతే మన పొంగలి లాగా గట్టిపడుతుంది. పైన ఉప్పటి గట్టి జున్ను తురుము. ఇంట్లో పొయ్యిగూడు లేని కాలంలో ఈ పాత్రలను ఆదివారం వీధిలోని రొట్టెలవాడి కొలిమికి పంపి కాల్పించుకునేవారట. అంటే ఎవరింట ఏమి వండారో పేటంతటికీ తెలుసు!

వంటకానికి ‘యువేత్సి’ అన్న పేరు కూడా పాత్రదే. తుర్కీ భాషలో ‘గువెచ్’ అంటే మట్టిపాత్ర. మన దాక అన్నమాట. గ్రీకు దేశంలో త్సెలెమెంతేస్ అనే వంటల గ్రంథకర్త ఒకాయన ఉండేవాడు, 1958లో పోయాడు. గ్రీకు వంటను తూర్పుదేశపు ఛాయల నుండి శుద్ధి చేయాలని ఆయన పట్టుదల. భాషలోనూ వాళ్లకు ఈ గొడవ ఉన్నది. ‘కథరెవూసా’ అనే శుద్ధభాష 1976 దాకా ప్రభుత్వభాషగా ఏలింది. ఆ యేడు జనభాషకు పట్టం కట్టారు. గిడుగువారిని చదువుకున్న మనకు ఇది క్రొత్త కాదు. ఇంత శుద్ధి జరిగినా వంటింట్లో తుర్కీ దాక అలాగే మిగిలింది. ఆ పేరును ఎర్రసిరాతో కొట్టివేసినవాళ్లు అక్కడ కూడా ఉండే ఉంటారు.

ఆదివారం మధ్యాహ్నం పాత్రను బల్లమీద నేనే పెట్టాను. నా కంచంలో నేనే వడ్డించుకున్నాను. మా అబ్బాయి గరిటె వంకా నా వంకా చూశాడు.

“నాన్నా, మీరు తింటారా?”

“చిన్నప్పటి నుండి.”

వాడు చాలాసేపు మాటాడలేదు. కోడలు ఏదో అడగబోతే వాళ్లమ్మ చేయి మీద చేయి వేసి ఆపింది. ముక్క చెంచాకే విడిపోయింది. ఉప్పు ఒక పాలు తక్కువైంది, అది నా తప్పు.

“అమ్మ వండేదా?”

“మన అద్దెయింట్లో రెండు మూడు సార్లు. వానాకాలం రాత్రులు, కిటికీలు మూసి. నువ్వు నిద్రపోయిన తరువాత.”

“సాంబ్రాణి వేసేది కదూ?” అన్నాడు వాడు. “నాకు గుర్తుంది. మెలకువ వస్తే ఇల్లంతా పొగ. దోమలకనుకున్నాను.”

ఆ సంగతి నేనే మరచిపోయాను. వాసన తెలియకుండా ఆమె నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి చల్లేది.

“అమ్మ దీన్ని ఏమనేది?” అన్నాడు. పెద్దకూర అని చెప్పాను. కోడలు ఆ మాటను రెండు సార్లు పలికి చూసింది, ‘ద్ద’ దగ్గర నాలుక తిరగలేదు. వియ్యపురాలు ఈ లోపల పాత్రను తన వైపు వంచుకుని, అడుగున మాడి అంటిన గింజలను చెంచాతో గీకి, సగం నా కంచంలో వేసి, సగం తాను వేసుకున్నది.