ఊరు చెబితే చాలదూ?

రైల్లో ఎదురుసీటావిడ "మీదే ఊరండీ?" అని అడిగితే ఊరి పేరు చెప్పి ఊరుకుంటాం. ఆవిడ పులిహోర పొట్లం విప్పి మనకింత పెట్టాక పేట పేరు కూడా చెబుతాం. ఇంటి నంబరు మాత్రం పోస్ట్‌మాన్‌కే. ఈ లౌక్యం మనకెవరూ నేర్పలేదు.

ఫోన్లకి మాత్రం నేర్పాల్సొచ్చింది. 2020 నుంచి ఐఫోన్లూ, 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 ఫోన్లూ "మీరున్న చోటు కచ్చితంగా చెప్పనా, ఉజ్జాయింపుగా చెప్పనా?" అని యజమానిని అడగడం మొదలుపెట్టాయి. ఆండ్రాయిడ్ లెక్కలో ఉజ్జాయింపంటే సుమారు 3 చదరపు కిలోమీటర్లు. పేట చెప్పి ఇల్లు దాచడమన్నమాట!

మనకిది సుఖమే. యాప్‌లు రాసేవాళ్ళకే ప్రాణసంకటం. మా చెల్లెలి కొడుకు ఇళ్ళకి నర్సుల్ని పంపే యాప్ ఒకటి తయారుచేస్తున్నాడు. వాడి బల్ల మీద అరడజను ఫోన్లు. "ఒకటే యాప్ పెద్దమ్మా, ఒక్కోదాంట్లో ఒక్కోలా ఏడుస్తుంది" అంటాడు. 2015కి ముందటి ఆండ్రాయిడ్ ఫోన్లు యాప్ ఎక్కించేటప్పుడే అన్నిటికీ సరేననిపించుకునేవి. తర్వాతవి అవసరమొచ్చినప్పుడు అడుగుతాయి. ఒకటి "వాడుతున్నంతసేపే" అంటుంది, మరొకటి "ఈ ఒక్కసారికే" అంటుంది. ఇంకొకటి బ్యాటరీ పొదుపు పేరుతో, తెర ఆరగానే యాప్ నోరు నొక్కేస్తుంది. తోడికోడళ్ళంతా ఒకే వంటింట్లో చేరినట్టే!

"కచ్చితమైన చోటు ఇవ్వనివాళ్ళకి యాప్ తెరుచుకోకుండా చేసెయ్" అన్నాడట వాడి పై అధికారి. వినగానే నాకు ఒళ్ళు మండింది. ఒంటరిగా ఉండే ఆడమనిషి తన గుమ్మం ఎక్కడో ఫోనుకి చెప్పడానికి జంకితే, ఆవిడకి ఇంజక్షన్ అక్కర్లేదనా?

అసలు అడిగే వేళంటూ ఒకటుంటుంది. పెళ్ళిచూపుల్లో కూర్చోకముందే జీతమెంతని అడిగే బంధువులా, యాప్ తెరవగానే "ఎక్కడున్నావ్?" అంటే ఎవరైనా కాదనే అంటారు. ఐఫోన్‌లో ఒకసారి కాదంటే ఆ యాప్ మళ్ళీ ఆ ప్రశ్న వెయ్యలేదు. సెట్టింగుల్లోకి వెళ్ళి మనమే మార్చాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు కాదంటే అక్కడా అంతే.

వాడు రెండు రోజులు తల పట్టుక్కూర్చుని, "నర్సు కావాలి" అన్న మీట నొక్కాకే, ఎందుకో ఒక ముక్క చెప్పి అడిగేట్టు మార్చాడు. దగ్గర్లో నర్సులున్నారో లేదో చూడ్డానికి ఉజ్జాయింపు చాలు. ఇంటికి చేరడానికి చిరునామా రాసే గడి ఒకటి, దాని కింద "కొండగుర్తు" అని మరో గడి పెట్టాడు. ఇక పై అధికారిని ఒప్పించడం మిగిలింది. "సోమవారం మీటింగుంది పెద్దమ్మా" అంటూ ఇప్పట్నించే గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

పరీక్షకని ఆ గడి మొదట నేనే నింపాను: "రామాలయం వెనక సందు, సన్నజాజి పందిరున్న ఇల్లు." ఏ ఉపగ్రహానికైనా ఆ పందిరి సంగతి తెలుస్తుందంటారా?