గేట్లు లేని స్టేషన్లో టిక్కెట్టు

లండన్ చూడటానికి వచ్చే బంధువులను నేను తప్పకుండా ఎక్కించేది డాక్‌లాండ్స్ లైట్ రైల్వే. అందరూ డి.ఎల్.ఆర్. అంటారు. 1987లో మొదలైన ఈ రైలుకి డ్రైవర్ క్యాబిన్ ఉండదు. ముందు సీట్లో కూర్చుంటే పట్టాలు మన కాళ్ళ కిందికే వస్తున్నట్టుంటాయి. ఆ సీటు కోసం పిల్లలకూ తాతయ్యలకూ పోటీ! కానరీ వార్ఫ్ అద్దాల మేడల మధ్య మెలికలు తిరిగి, థేమ్స్ నది అడుగున దూరి, గ్రీనిచ్‌లో తేలుతుంది. నది కింది దారి 1999లో వచ్చింది.

ఇంకో వింత, చాలా స్టేషన్లలో గేట్లే లేకపోవడం. దారిలో పసుపు రంగు రీడరు ఒకటి ఉంటుంది. ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి ఆయిస్టర్ కార్డో బ్యాంకు కార్డో దానికి తాకించాలి. మనిషికొక కార్డు ఉండాలి. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్ళడానికి లేదు. మన ఆర్టీసీ బస్సులో కండక్టరు సీటు దగ్గరికే వచ్చి "టికెట్, టికెట్" అంటాడు. ఇక్కడ ఆ పిలుపు లేదు. "మరి తాకించకపోతేనో?" అని వచ్చినవాళ్ళందరూ అడుగుతారు.

రైల్లో తనిఖీకి ఎప్పుడైనా రావచ్చు. చేతిలోని చిన్న యంత్రంతో కార్డు చూస్తారు. తాకించలేదని తేలితే జరిమానా 100 పౌండ్లు. 21 రోజుల్లో కడితే 50. కావాలనే ఎగ్గొట్టారని కేసు పెడితే మేజిస్ట్రేట్ కోర్టు, 1000 పౌండ్ల దాకా జరిమానా, పైగా నేరచరిత్ర. వీసా, పౌరసత్వం దరఖాస్తుల్లో శిక్షల గురించి అడిగే ప్రశ్న మనందరికీ తెలిసిందే. చిన్న ఛార్జీ అక్కడిదాకా వెంటాడుతుంది. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన మన పిల్లలకు ఈ మాట మొదటిరోజే చెప్పాలి.

పెద్దవాళ్ళతో వచ్చే 11 ఏళ్ళలోపు పిల్లలకు ఈ రైల్లో ఉచితం. ఆ తర్వాత జిప్ అనే ఫొటో కార్డు తీసుకుంటే రాయితీ ఉంటుంది. మా అమ్మాయికి పోయిన వేసవిలో పదకొండు నిండాయి. కొద్దిరోజులకు గ్రీనిచ్ బయల్దేరాం. ఊరి నుంచి వచ్చిన బాబాయి స్టేషన్లో, "పిల్ల పొట్టిగానే ఉందిగా, పదేళ్ళని చెప్పెయ్యమ్మా. ఎవరు చూడొచ్చారు?" అన్నారు. రూపాయి రూపాయి కూడబెట్టి పిల్లల్ని చదివించిన మనిషి. మా మంచి కోరే అన్నారు. మా అమ్మాయి నా మొహంలోకి చూసింది.

"రైలువాళ్ళు వినకపోయినా, ఇది వింటుంది కదా బాబాయ్" అన్నాను.

ఆయన నవ్వేసి దాని తల నిమిరారు. అది కొత్త కార్డు తీసి రీడరుకి తాకించింది.

గ్రీనిచ్ దాకా మా కార్డులు ఎవరూ అడగలేదు. దిగాక మాత్రం ఒక ఇన్‌స్పెక్టరు తయారైంది. "తాతయ్యా, కార్డు తాకించారా?" అంటూ ఆయన్ని రీడరు దగ్గరికి వెనక్కి నడిపించింది మా అమ్మాయే!