దారే ఇల్లు... పాటే బతుకు!

సంక్రాంతి వస్తుందంటే ఎక్కడెక్కడి వాళ్లూ సొంతూరి బాట పడతారు. సరిగ్గా అదే రోజున, ఊరంటూ ఒకటి అక్కర్లేదనుకునే పాటగాళ్లంతా పశ్చిమ బెంగాల్‌లోని ఓ నది ఒడ్డుకు చేరుకుంటారు. చేతిలో ఒంటితీగ వాద్యం, భుజాన జోలె... అంతే వారి ఆస్తి. వాళ్లే బౌల్ గాయకులు. వారు కలుసుకునే చోటు బీర్భూమ్ జిల్లాలోని జయదేవ్ కెందులి.

పేరు వినగానే తెలుగువారికి జయదేవుడు గుర్తొస్తాడు. కూచిపూడి వేదికల మీద అష్టపదులు అభినయించడం చూసిన వాళ్లకూ, అక్కినేని నటించిన ‘భక్త జయదేవ’ (1961) చూసిన పెద్దలకూ ఆయన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ‘గీతగోవిందం’ రాసిన ఆ కవి పుట్టింది ఇక్కడేనని బెంగాలీలంటారు. కాదు, మా పూరీ దగ్గరి కెందులిలోనేనని ఒడియావారంటారు. ఆ తగవు ఎలా ఉన్నా, అజయ్ నది ఒడ్డున ఉన్న ఈ పల్లెలో మాత్రం ఏటా మకర సంక్రాంతికి మేళా జరుగుతుంది. తెల్లవారుజామున చలిలో వణుకుతూనే నదిలో స్నానాలు చేస్తారు. మట్టి పలకల మీద చెక్కిన బొమ్మలతో కళకళలాడే రాధావినోద ఆలయాన్ని దర్శించుకుంటారు. చీకటి పడ్డాక అసలు సందడి మొదలవుతుంది. అఖాడాలని పిలిచే గుడారాల్లో గడ్డి పరిచి, దుప్పట్లు కప్పుకుని కూర్చుంటే తెల్లవార్లూ పాటలే!

ఒంటి మీదే వాద్యబృందం

బౌల్ అన్న మాట ‘వాతుల’ అనే సంస్కృత పదం నుంచి వచ్చిందంటారు. గాలి సోకినవాడు, పిచ్చివాడు అని అర్థం. దేవుణ్ణి గుళ్లో, మసీదులో కాదు, మనిషిలోనే వెతకాలన్నది వారి మాట. హిందువులూ ఉంటారు, ఫకీర్లుగా పిలిచే ముస్లింలూ ఉంటారు. కులం అడగరు. దేహమే దేవాలయమని పాడే ఆ పాటలు, మన బ్రహ్మంగారి తత్వాలు విన్న చెవికి ఎక్కడో విన్నట్టే అనిపిస్తాయి.

ఎక్కడికి వెళ్లినా పాడుకోగలగడమే వీరి బలం. ఎండిన సొరకాయ బుర్ర, కాస్త తోలు, చీల్చిన వెదురు, ఒక్క తీగ... ఏక్‌తార సిద్ధం. నడుముకు డుగ్గి అనే చిన్న డోలు, కాలికి గజ్జెలు కడితే తాళం కూడా తోడైనట్టే. ఒక చేత్తో తీగ మీటుతూ, రెండో చేత్తో డుగ్గి వాయిస్తూ, పాదాలతో లయ వేస్తూ పాడేస్తారు. వేదికా మైకూ లేకపోయినా కచేరీ ఆగదు. రావిచెట్టు నీడైనా సరే, రైలు పెట్టైనా సరే!

తోడొచ్చే బియ్యం గింజలు

తేనెటీగ పువ్వు పువ్వునా కాస్తంత తేనె తీసుకున్నట్టు, ఇంటింటా పిడికెడు తీసుకోవడాన్ని ‘మాధుకరి’ అంటారు. ఇది భిక్షే అయినా, యాచన కాదు. పాట ఇచ్చి గింజలు తీసుకోవడం. ధనుర్మాసంలో తలమీద అక్షయపాత్ర, చేతిలో చిడతలతో మన వాకిట్లోకొచ్చే హరిదాసుకు దోసెడు బియ్యం పోస్తామే, అదే మర్యాద. తేడా ఏంటంటే హరిదాసు నెలరోజులే కనిపిస్తాడు, బౌల్‌కు ఏడాదంతా దారే.

ఆ దారి చాలా దూరమే వెళ్లింది. శిలైదహలో ఉత్తరాలు పంచే గగన్ హర్‌కరా అనే తపాలా బంట్రోతు పాడుకున్న బాణీని రవీంద్రుడు ఇష్టపడి తన పాటకు వాడుకున్నాడు. 1905 నాటి ఆ పాటే తర్వాత బంగ్లాదేశ్ జాతీయ గీతమైంది. 1967లో విడుదలైన బాబ్ డిలాన్ ‘జాన్ వెస్లీ హార్డింగ్’ రికార్డు అట్ట మీద ఆయన పక్కన నిలబడింది పూర్ణదాస్, లక్ష్మణ్‌దాస్ బౌల్‌లే. పబన్‌దాస్ బౌల్ పారిస్‌లో ఉంటూ పాడారు. శాంతినికేతన్‌లో బొమ్మలు వేయడం నేర్చుకునేందుకు వెళ్లిన పార్వతీ బౌల్, ఈ పాటకు దాసోహమై, కేరళలో స్థిరపడి దేశదేశాలూ తిరిగారు. 2005లో యునెస్కో కూడా బౌల్ పాటను మానవజాతి గొప్ప వారసత్వాల్లో ఒకటిగా ప్రకటించింది.

రైలాగితే పాటాగింది

ఇదంతా చూసి, ఎక్కడైనా బతికేయగల పాటగాడికి ఏం లోటు అనుకుంటాం. కానీ అందరికీ విదేశీ వేదికలు దక్కవు. చాలామందికి బోల్‌పూర్ మీదుగా వెళ్లే రైళ్లే ఆధారం. కిటికీ పక్క ప్రయాణికులు ఇచ్చే చిల్లరతోనే ఆ పూట గడుస్తుంది. 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయాయి. బెంగాల్‌లో లోకల్ బండ్లు మళ్లీ కదిలింది నవంబరులోనే. రైలు పెట్టెనే నమ్ముకున్నవారికి ఆ ఏడున్నర నెలలూ పాడే చోటే లేకుండాపోయింది. ఊరితో పనిలేని మనిషికి కూడా దారి కావాలి, ఆ దారిలో వినే మనుషులు కావాలి అని అప్పుడు తెలిసొచ్చింది.

ప్రభుత్వం 2014లో తెచ్చిన లోక్‌ప్రసార్ పథకం కింద జానపద కళాకారులకు నెలకు వెయ్యి రూపాయల భృతి ఏర్పాటు చేసింది. అది కొంత ఊరట. మరోపక్క శాంతినికేతన్ చుట్టుపక్కల సంతల్లో పర్యటకులు కోరిన పాటే పాడాల్సి రావడం, మేళాలో మైకుల హోరు ఒంటితీగ నాదాన్ని మింగేయడం కొత్త చిక్కులు. సాధనగా మొదలైన పాట, సరదా కాలక్షేపంగా మిగిలిపోతుందేమోనన్నదే పాతతరం బెంగ. గురువు దగ్గర ఏళ్లతరబడి కూర్చుని నేర్చుకునే శిష్యులున్నంత కాలం ఆ భయం లేదు.

ఎలా వెళ్లాలంటే...

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హావ్‌డా చేరి, అక్కణ్నుంచి మరో రైల్లో బోల్‌పూర్ వెళ్లాలి. సుమారు రెండున్నర గంటల ప్రయాణం. బోల్‌పూర్ నుంచి ఇలంబజార్ మీదుగా బస్సులో కెందులి చేరొచ్చు. సంక్రాంతి రోజుల్లో గదులు దొరకడం కష్టం కాబట్టి శాంతినికేతన్‌లో ముందే మాట్లాడుకోవాలి. చలి ఎక్కువ, దుప్పటి మరవకూడదు. మైకుల హోరుకు దూరంగా, చివరి గుడారాల వైపు నడిస్తే అసలు పాట వినిపిస్తుంది. దానికి టికెట్టంటూ ఏమీ లేదు. అయితే పాట విన్నాక, ముందున్న జోలెలో మాత్రం ఎంతో కొంత వేసి రావాలి. ఆ పాటగాడు రేపు ఇంకో ఊరు చేరేది దాంతోనే!