చేతులు మారే చోట

కృష్ణా డెల్టాలో వరినాట్లు మొదలయ్యాయంటే పాముకాటు కేసులూ మొదలైనట్టే. ఆ రోజుల్లో ఒక ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ ఎలా నడుస్తుందో చూడాలని వెళ్లాను. ఎవరికీ అడ్డం రాకూడదన్న షరతు మీద అనుమతి దొరికింది. ఆక్సిజన్ సిలిండర్ల పక్కన గోడకు ఆనుకుని నిల్చున్నాను. డ్యూటీ డాక్టరు ఒకరు, స్టాఫ్ నర్సులు ఇద్దరు, స్ట్రెచర్ తోసే వార్డుబాయ్ ఒకరు, మూలన రిజిస్టరుతో ఔట్‌పోస్టు కానిస్టేబులు. రాత్రికి ఉన్న బలగం ఇంతే.

ఎనిమిదిన్నర దాటాక 108 అంబులెన్సు వచ్చింది. మోటారు వేయడానికి పొలం వెళ్లిన రైతును పాము కరిచింది. స్ట్రెచర్ గడప దాటుతుండగానే, అంబులెన్సులో రోగిని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ (ఈఎంటీ) చెప్పడం మొదలుపెట్టాడు. "యాభై ఏళ్లు. కుడి పాదం మీద కాటు, ఏడుంబావుకి. పామును చూశారు, రక్తపింజరి అంటున్నారు. బీపీ నూటపది బై డెబ్బై. చిగుళ్లలో రక్తం లేదు. దారిలో ఒకసారి వాంతి అయింది." సీనియర్ సిస్టర్ చేతిలో పని ఆపి విన్నారు. అతను ముగించాక ఒక్కటే అడిగారు. "ఈ కట్టు ఎవరు కట్టారు తమ్ముడూ?"

మోకాలి కింద తువ్వాలు బిగించి ఉంది. "ఇంట్లోవాళ్లు, అక్కా. డాక్టరుగారి ముందే విప్పుదామని అలాగే ఉంచాను." కట్టు ఒక్కసారిగా తీస్తే, కింద నిలిచిన విషం ఒక్కుమ్మడిగా ఒంట్లోకి పాకి మనిషి కుప్పకూలే ప్రమాదం ఉంది. చిన్న సిస్టర్ అప్పటికే కత్తెర అందుకుంది. పెద్దామె చేత్తో ఆపి డాక్టర్ని పిలిచారు.

వాపు చీలమండ దాటింది. అది ఎంతవరకు పాకిందో అంబులెన్సులోనే ఈఎంటీ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన 8.05 అని రాశాడు. సిస్టర్ ఆ గీతకు రెండు వేళ్ల పైన తన గీత గీసి 8.45 అని వేశారు. నలభై నిమిషాల్లో వాపు ఎంత పెరిగిందో డాక్టరుకు చూడగానే తెలిసింది. తర్వాత సిస్టర్, ఎడమ చేతికి ఈఎంటీ పెట్టిన క్యాన్యులాలోకి కాస్త సెలైన్ ఎక్కించి చూశారు. సాఫీగా వెళ్లింది. "ఇదే ఉంచుదాం" అన్నారు.

ఆ మాట విలువ తర్వాత ఈఎంటీ చెబితే తెలిసింది. కొన్నిచోట్ల వీళ్లు పెట్టింది చూడకుండానే పీకేసి కొత్తది గుచ్చుతారట. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అనవసరంగా పొడిచిన ప్రతి చోటూ కారుతూ ఉంటుంది. తోటివాడి పనిని నమ్మితే రోగికి ఒక సూదిపోటు తప్పుతుంది.

సిస్టర్ రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా పెట్టారు. 20 నిమిషాలయ్యాక వంచితే నీళ్లలా జారింది. డాక్టరు పది వయల్స్ యాంటీవీనం రాశారు. పొడిలో నీళ్లు ఎక్కించి సీసాను మెల్లగా తిప్పుతూ కరిగించాలి, గట్టిగా ఊపితే నురగ కడుతుంది. బెడ్ ఖాళీ కాక అంబులెన్సు స్ట్రెచర్ ఇంకా అక్కడే చిక్కుకుని ఉంది. సిస్టర్ ఈఎంటీ చేతిలో రెండు సీసాలు పెట్టారు. "ఊరికే నిల్చునే బదులు ఇవి తిప్పి పెట్టొచ్చుగా." గ్లవ్స్ మార్చుకుని తిప్పుతూ అడిగాడు, "మొన్నటి కట్లపాము పాప ఏమైందక్కా?" "నిన్ననే ఇంటికెళ్లింది." అతని మొహం విప్పారింది. తాము తెచ్చినవాళ్లు బతికారో లేదో 108 వాళ్లకు ఎవరూ పనిగట్టుకుని చెప్పరు.

ఉమ్మడి రాష్ట్రంలో 108 సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలయ్యాయి. నర్సులకు అప్పటికే కౌన్సిళ్లు, రిజిస్ట్రేషన్లు ఉన్నాయి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టమే 1947 నాటిది. ఈఎంటీల వృత్తికి జాతీయ చట్టంలో చోటు దక్కింది 2021లో, అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంతో. ఈ ఎడం క్యాజువాలిటీ గుమ్మం దగ్గర పైకి తేలుతుంది. ఈఎంటీల చదువెంత అని సిస్టర్లకు అనుమానం. కుదుపుల్లో, గుడ్డి వెలుగులో నరం వెతకడమంటే ఏమిటో వీళ్లకేం తెలుసని ఈఎంటీలకు ఉక్రోషం. సిస్టర్ల బాధా చిన్నదేం కాదు. బెడ్లు లేనిది ఆసుపత్రిలో, మాటపడేది వీళ్లు.

అర్ధరాత్రి దాటాక రైతుకు మూత్రం తగ్గింది. కిడ్నీల మీద అనుమానంతో విజయవాడ పంపాలన్నారు. మళ్లీ అదే బండి వచ్చింది. ఈసారి చెప్పడం సిస్టర్ వంతు, వినడం ఈఎంటీ వంతు. యాంటీవీనం ఎన్ని వయల్స్, ఎన్నింటికి మొదలు, మూత్రం ఎంత. అతను రాసుకుని, రాసింది మళ్లీ చదివి వినిపించాడు. ఒక అంకె దిద్దించి సిస్టర్ సంతకం పెట్టారు. పైలట్ (108 డ్రైవరు) బండి స్టార్ట్ చేశాడు.

ఈ పద్ధతి ఎవరు నేర్పారని సిస్టర్‌ను అడిగాను. ఆమె నవ్వారు. "కొత్త పిల్లలకు నేను చెప్పేది ఒక్కటేనండీ. 108 రాగానే 'ఇక్కడికెందుకు తెచ్చారు' అనొద్దు, 'ఎన్నింటికి కరిచింది' అని అడగండి అంటాను. మొదటి మాటకి వాళ్ల మొహం మాడుతుంది. రెండో మాటకి మనకి కేసు తెలుస్తుంది."