ముందు అరుగు, తర్వాత బీరువా

పామూరులో బస్సు దిగి బజారు వెంట నడుస్తూ, మనుషులు ఎక్కడెక్కడ కూడుతున్నారో చూశాను. టీకొట్టు బల్ల, గుడి మండపం, అంగడి మెట్లు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు పనిమీద వచ్చి, కనిగిరి బస్సుకో ఉదయగిరి బస్సుకో ఎదురుచూసే ఊరు ఇది. ఆ బల్లల మీద ఆడవాళ్లకూ, పోటీ పరీక్షలకు చదివే పిల్లలకూ, టీ డబ్బులు కూడా ఆలోచించి తీసే ముసలివాళ్లకూ చోటు తక్కువ. ఏమీ కొనకుండా, ఎవరి దయా లేకుండా హక్కుగా వచ్చి కూర్చోగల నీడ గ్రంథాలయమే. కాబట్టి ఇలాంటి ఊళ్లో గ్రంథాలయం కట్టేటప్పుడు మనుషులు కూడే చోటు ముందు గీసి, దాని చుట్టూ పుస్తకాలు అమర్చాలని నా వాదన.

ఇందుకు దాఖలాలు మన దగ్గరే ఉన్నాయి. 2022 దాకా ప్రకాశం జిల్లాలో ఉన్న వేటపాలెంలో 1918లో హిందూ యువజన సంఘం నీడన మొదలైన గ్రంథాలయమే సారస్వత నికేతనం. మనుషులు కలిశారు, పుస్తకాలు చేరాయి. 1929లో గాంధీజీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపారు. జనం మసిలే దారిలోకే పుస్తకం వెళ్లాలన్నది ఆయన పద్ధతి. దాఖలా బయటి దేశంలోనూ ఉంది. వేటపాలెం గ్రంథాలయానికి నూరేళ్లు నిండిన 2018లో ఫిన్లండ్ రాజధాని హెల్సింకిలో తెరిచిన ఊడి గ్రంథాలయం మూడంతస్తుల్లో పుస్తకాలకు పై అంతస్తు ఇచ్చి, మిగతా చోట సభలకు, వంటకు, కుట్టుమిషన్లకు వీలు కల్పించింది.

మాటలు మొదలైతే చదువు సాగదని కొందరంటారు. న్యాయమైన భయమే. దానికి జవాబు కట్టడంలో ఉంది: వీధివైపు వెడల్పాటి అరుగు, అక్కడే దినపత్రికలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, లోపల తలుపు వేసుకునే నిశ్శబ్దపు గది, ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి. ఫ్లోరైడు బాధ ఎరిగిన కనిగిరి ప్రాంతంలో మంచినీటి కుళాయి ఒక్కటి పెట్టినా జనం వస్తారు. ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి కదా అని మరికొందరి మాట. సమాచారం దొరుకుతుంది, నిజమే. పింఛను దరఖాస్తు అర్థం కాని పెద్దమనిషికి పక్కన కూర్చుని చదివి చెప్పే మనిషి మాత్రం ఫోనులో దొరకడు. ఇక డబ్బు సంగతి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. ఆ పైకం సకాలంలో గ్రంథాలయ సంస్థకు చేరితే, కూలిపనుల నుంచి తిరిగొచ్చే వేళకు, సాయంత్రం పొద్దుపోయేదాకా తలుపులు తెరిచి ఉంచడం అసాధ్యమేమీ కాదు.

పామూరు వాసులకు నా విన్నపం ఒక్కటే. ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు ఎంతుందో చూడండి. దానికి తగ్గ అరుగు, నీళ్లు, దీపం మీ ఊరికి కావాలని సభలో లేచి అడగండి.