నెమ్మదిగా చదివితే నేరమా?

ఈ మధ్య ఎవరు కలిసినా "ఏం చదువుతున్నారు?" అని అడగటం మానేసి, "ఈ ఏడు ఎన్ని చదివారు?" అని అడుగుతున్నారు. పుస్తకాలు కూడా ధాన్యం బస్తాల లెక్కలోకి వచ్చాయి కాబోలు! చదివినవాటికి చిట్టా వ్రాసుకొని, పక్కవారి చిట్టాతో కొలుచుకొని, తమది పొట్టిదైతే చిన్నబుచ్చుకునేవారిని రోజూ చూస్తున్నాను.

సంగారెడ్డిలో నా దగ్గర చదువుకునే కుర్రవాళ్ళలో కొందరు పాశమైలారం ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు చేసి, తెల్లవారి కంపెనీ బస్సు దిగి, కళ్ళు నులుముకుంటూ క్లాసుకు వస్తారు. అటువంటివాడొకడు, నేనిచ్చిన 'వేయిపడగలు' తెచ్చి బల్లమీద పెట్టాడు.

"తీస్కోండి సార్. నాతోని కాదు. నాలుగు పేజీలు చదివేసరికే నిద్రొస్తది. మా రూంల ఉండేటోడు వారానికొకటి ఒడగొడుతున్నడు. నాకు చదువుడు రాదు సార్."

ఆ చివరిమాట నన్ను కలవరపెట్టింది. పాఠ్యపుస్తకం కాని పుస్తకం ఆ ఇంట్లో అడుగుపెట్టడం వాడితోనే మొదలు. వాడు తిరిగి ఇస్తున్నది ఒక్క నవల కాదు. ఇక ముందు చదవబోయేవన్నీ కూడాను.

"సరే, చదివినంతవరకు ఏముందో చెప్పు" అన్నాను. సుబ్బన్నపేటను తాను పుట్టిపెరిగిన ఊరిలాగా పావుగంటసేపు వర్ణించాడు. చదువు రానివాడు చెప్పే తీరా అది?

"ఒరే, విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో దీనిని 29 రోజుల్లో చెబుతూపోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసిపెట్టారని ప్రసిద్ధి. దాదాపు వెయ్యి పేజీలు. రోజుకు నాలుగు చొప్పున నీకు 250 రోజులు. చెప్పినవారికి నెల పట్టిందని చదివేవాడికీ నెలే పట్టాలని ఏ శాస్త్రంలో ఉంది?" అన్నాను. నవ్వాడు గాని నమ్మలేదు. అందుచేత వాడికి చెప్పినవే మీకూ మనవి చేస్తున్నాను.

మన కన్ను అక్షరాలమీద నీళ్ళలా జారిపోదు. పిచ్చుకలా గెంతుతుంది. ఒకచోట సుమారు పావు సెకను వాలి, మళ్ళీ గెంతుతుంది. 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ అనే పరిశోధకుడు అనేక పరిశోధనలను కలిపి చూసి, కథేతర రచనలను ఇంగ్లీషులో పెద్దలు మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 మాటలని లెక్క తేల్చాడు. ఆ కొలబద్దను తెలుగుకు పెట్టడం న్యాయం కాదు సుమండీ. "చదవలేకపోయినందువల్లనే" అని మనం ఒక్క మాటలో అనేదానికి వారికి అరడజను మాటలు కావాలి! పోనీ వేగంగా చదివే విద్య నేర్చుకుందామంటారా? ఆ విద్యలన్నిటినీ పరిశీలించి కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో చెప్పినదొక్కటే: వేగం బాగా పెంచితే అర్థం తరుగుతుంది.

మా జిల్లా రైతును అడగండి. పెసర రెండు నెలలకు చేతికి వస్తుంది. నాటు కంది ఆరు నెలలు అడుగుతుంది. కంది ఆలస్యమైందని ఎవరూ దానిని బద్ధకపు పంట అనరు. త్వరగా పండే కందిని తయారుచేసే విద్య 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ వారికి తెలుసు. కావ్యాన్ని త్వరగా పండించే విద్య మాత్రం ఎవరికీ తెలియదు.

డిటెక్టివ్ నవల పెసర వంటిది. ఒక్క రాత్రిలో ముగించినా దోషం లేదు. పోతనగారి పద్యాన్ని నోటితో చదవాలి, చెవితో వినాలి. పురాణ కాలక్షేపంలో ఒక్క పద్యం దగ్గర అరగంట కూర్చున్న మన తాతలు వెనకబడిపోయామని ఎన్నడూ బాధపడలేదు. వారపత్రిక సీరియలు మాత్రం? వారానికి ఒక్క భాగమే. తక్కిన ఆరు రోజులూ "ఆ పిల్ల ఏమవుతుందో" అని ఇంటిల్లిపాదీ తర్కించుకోవడం కూడా చదవడంలో భాగమే.

మరి మన నడక ఏదో తెలిసేదెలా? నేను పాటించే కొలతలు రెండే. పేజీ తిప్పాక అందులో ఏముందో పక్కవారికి చెప్పలేకపోతే పరుగెత్తుతున్నామన్నమాట. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతే మరీ ఈడుస్తున్నామన్నమాట, లేదా నిద్ర వస్తున్నదన్నమాట. అప్పుడు పుస్తకం మూసి పడుకోవడమే ఉత్తమం. పుస్తకం ఎక్కడికీ పోదు.

ఇవన్నీ విని ఆ కుర్రవాడు 'వేయిపడగలు' మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. మూడు నెలలైంది. ఇప్పుడు మూడువందల చిల్లర పేజీలో ఉన్నాడు. ఎంతవరకు వచ్చిందని నేను అడగను. కథ ఎక్కడికి వచ్చిందని అడుగుతాను. ఆ రెండు ప్రశ్నలకూ చాలా తేడా ఉంది.

మీ ఇంట్లోనూ పెదవులు కదుపుతూ, వేలితో గీత వెంట గీత చూసుకుంటూ చదివే అమ్మమ్మో, ఒకే కథను పదిసార్లు చదివే పిల్లవాడో ఉండే ఉంటారు. వారిని తొందరపెట్టకండి. వీలైతే పక్కన కూర్చొని, "తర్వాతేమైంది?" అని అడగండి.